తొంభై రెండు మైళ్లు

మూడున్నరకి వ్యాను తీస్తాను.
పశ్చిమ వర్జీనియా కొండల్లో ఆ వేళకి మేలుకుని ఉండేవి
పొగమంచూ, జింకలూ,
నాలాంటి పాత బొగ్గుగని నడుములూ.

రొవీనా అప్పటికే వాకిట్లో ఉంటుంది,
బొత్తాలు పట్టని మగాళ్ల కోటులో.
ఏడో నెల.
పలకరింపు ఉండదు. "టైముందా, డెల్మర్?" అంటుంది.

ఉంది. కిటికీ తొమ్మిదికి గదా మూసేది.
ఆ కిటికీలోంచి చిన్న ప్లాస్టిక్ కప్పులో
గుక్కెడు ఎర్ర మందు.
దానికోసం తొంభై రెండు మైళ్లు పోను,
తొంభై రెండు రాను,
వారానికి ఆరు రోజులు.
ఏడో రోజుది తాళమేసిన డబ్బాలో ఇంటికిస్తారు,
దొంగసొత్తు అప్పజెప్పినట్టు.

ముందు దగ్గర్లోనే అడిగింది.
మందిచ్చే డాక్టరు, కడుపుతో ఉన్నవాళ్లకి ఇవ్వనన్నాడు.
కాన్పుల డాక్టరు, మత్తు అలవాటున్నవాళ్లని చూడనంది.
పదకొండో ఫోనుకి ఒకచోట, ఐదు నెలలు ఆగాలన్నారు.
"అప్పటికి కనేస్తాను కదండీ."
"అయితే కన్నాక రండి."

వాళ్ల పిన్ని ఒట్టు వేయించుకుంది.
ఒట్టుకి కట్టుబడి మూడు రోజులు బిగపట్టుకుంది రొవీనా.
మూడో రాత్రి పొట్ట రాయైంది.
ఎమర్జెన్సీలో నర్సు చెప్పిందట:
నువ్వు ఉన్నట్టుండి మానేస్తే
లోపలున్నది కూడా మానేస్తుందమ్మా,
అన్నీ.

నేనేమీ అనలేదు. స్టీరింగ్ పట్టుకుని విన్నాను.
గని పైకప్పు నా నడుం మీద కూలిన ఏడు
ఇదే ఊళ్లో నాకు తొంభై మాత్రలు రాశారు,
ఒక్క ప్రశ్న అడక్కుండా, నెలనెలా.
అంటుకోవడం పక్కవీధిలో దొరికింది.
వదిలించుకోవడం మాత్రం కొండల అవతల.

ఫిబ్రవరిలో ఒకనాడు వాగు వంతెనెక్కింది.
వెనక్కి తిప్పి పాత గని బాటన పోయాను,
బురద, గుంటలు, కూలిన చెట్టొకటి.
ఎనిమిదింటికి ఆమెకి ఆవులింతలు మొదలయ్యాయి.
తెలియనివాళ్లు నిద్ర అనుకుంటారు.
ముక్కు కారుతోంది. చేతుల మీద రోమాలు నిక్కాయి.
"తంతోంది" అంది, "దీనికీ తెలిసిపోయింది."
రేడియో పెట్టాను. తీసేశాను.

తొమ్మిది దాటి ఏడు నిమిషాలు.
షట్టర్ దించేశారు.
వెనకాల ఓపల్ సొరుగు లెక్క చూసుకుంటోంది,
ముప్పై ఏళ్ల నర్సు, రూలు అంటే రూలే.
మా బురద కాళ్లకేసి చూడలేదు, పొట్టకేసీ చూడలేదు.
గోడ గడియారాన్ని చూసింది.
"ఇది పది నిమిషాలు ముందుంటుంది" అంది.
"బాగు చేయించమని ఎన్నిసార్లు చెప్పినా వినరు."
షట్టర్ మూరెడు లేచింది.

నా చేతి గడియారం చూసుకున్నాను.
గోడ మీదదీ నాదీ ఒకే టైము.
ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు.

ఏప్రిల్లో పాప.
ఐదున్నర పౌండ్లు, సన్నటి ఏడుపు,
వణుకు కాస్త ఉంది, తగ్గుతుందన్నారు.
రెండో రోజు ఫైలు పట్టుకుని ఎవరో ఆఫీసామె వచ్చిందట.
ఆ సాయంత్రమే రొవీనా ఫోను:
"నీ ట్రిప్పు కాగితాలు ఉన్నాయా?
నా సంతకాలున్నవి?"

వ్యాను సీటు కింద అట్టపెట్టె తీశాను.
నూట పద్నాలుగు.
కొన్నిటి మీద కాఫీ, కొన్నిటి మీద వాన,
ఫిబ్రవరి కాగితం మీద వేలిముద్రంత బురద.
సంతకాలు పోను పోను గీతలైపోయాయి,
చెయ్యి వణికో, కునికిపాట్లలోనో.
అన్నిటి మీదా ప్రయాణికులు అన్న గడిలో
ఒకటి అని రాసుంది, నా చేతిరాతతోనే.

పెట్టె ముందు సీట్లో పెట్టుకుని
బెల్టు కూడా వేశాను.
ఆసుపత్రి ఇంకా పదహారు మైళ్లు.